షేర్ల గురించి పది నిమిషాలు

31 ఆగస్టు 1999, వోలోస్, గ్రీసు

మంగళవారం. రేడియోలో నా పది నిమిషాలు అయిపోయాయి. కొత్తగా షేర్లు కొనే కుర్రకారుకి సలహాలు. ఎప్పుడూ చెప్పేవే చెప్పాను. ఏడేళ్లు ముట్టుకోకుండా ఉండగలిగిన డబ్బే పెట్టండి. అంతా ఒక్క కంపెనీలో పొయ్యకండి. ఆ కంపెనీ దేనిమీద సంపాదిస్తోందో రెండు ముక్కల్లో చెప్పలేకపోతే కొనకండి.

ఒకమ్మాయి ఫోన్లో అంతా ఓపిగ్గా విని, సరేగానీ రేపు ఏది పెరుగుతుందో చెప్పండి అంది. తెలీదన్నాను. పెట్టేసింది.

బ్యాంకులో రిటైరయ్యాక ఇంట్లో విసుగని ఈ ప్రోగ్రాం ఒప్పుకున్నాను. ఇప్పుడు విసుగంతా ఇక్కడే.

14 సెప్టెంబరు

స్టేషన్ ఓనరు థ్రాసోస్ పిలిచాడు. పక్క స్టేషన్‌వాడు రోజూ మూడు షేర్ల పేర్లు చెబుతున్నాడట, జనమంతా అటే పోతున్నారట. నువ్వూ ఓ పేరు చెప్పరాదా అన్నాడు. చెప్పనన్నాను. తిట్టలేదు. నా సాయంత్రం స్లాటు తీసేసి మధ్యాహ్నం మూడింటికి వేశాడు. ఊరంతా కిటికీలు మూసుకుని కునుకు తీసే వేళ.

26 సెప్టెంబరు

మిర్సిని వచ్చింది. బాప్తిస్మంలో జ్ఞానతల్లిగా నేను చేతుల్లోకి తీసుకున్న పిల్ల. తల్లి లేదు. తండ్రి పాంతెలిస్‌ది మా పక్కిల్లే, గోడకి గోడ. ఇరవై మూడేళ్లొచ్చాయి, సెలూన్లో పనిచేస్తోంది. ఈ వసంతంలో, సముద్రంలో పడవలు తగ్గించాలని, పాంతెలిస్ చేత ఇక చేపలు పట్టనని రాయించుకుని, అతని పడవని సర్కారువాళ్లు మెషీను పెట్టి పగలగొట్టారు. దానికి సొమ్మిచ్చారు. అది మిర్సిని ఫ్లాటుకని.

ఆ సొమ్మంతా ఒక్క కంపెనీలో పెట్టిందట. సముద్రంలో వలలు కట్టి చేపలు పెంచే కంపెనీ. అప్పుడే రెట్టింపైందట. చెప్పడానికి వచ్చింది, అడగడానికి కాదు. సగం అమ్మి పక్కన పెట్టుకోమన్నాను. నా బుగ్గమీద ముద్దు పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం కాఫీ కొట్లో పాంతెలిస్ నలుగురి ముందూ అందుకున్నాడు. "ఒదినా, నీ రేడియో మాట వినుంటే నా కూతురు ఫ్లాటు మెట్లు చేతికర్ర పట్టుకుని ఎక్కేది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాగానే అన్నాడు.

19 అక్టోబరు

షేర్ల రేట్లు పడుతున్నాయి. కరెక్షన్ అంటున్నారు, మరీ పెరిగింది కాస్త దిగడమేనట. ఎవరు నేర్పారో, చేపల మార్కెట్లో ఆడవాళ్లు కూడా అదే మాట.

16 నవంబరు

మూడు గంటల స్లాటుకి ఫోన్ల మీద ఫోన్లు. మధ్యాహ్నం ఎవరికీ నిద్ర పడుతున్నట్టు లేదు. అందరిదీ ఒకటే ప్రశ్న, మళ్లీ పెరుగుతుందా అని. తెలీదు, తెలీదు, తెలీదు. ఒక కుర్రాడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేశాడు. ఏడవనిచ్చాను. మధ్యలో ఫ్రిజ్ యాడ్ పడింది.

పాంతెలిస్ కాఫీ కొట్టుకి రావడం మానేశాడు.

2 డిసెంబరు, పొద్దున్న

పనికి వెళ్తూ మిర్సిని వచ్చింది. కోటు విప్పలేదు. కళ్లకింద నల్లగా ఉంది.

"పెద్దమ్మా, అమ్మేయమంటావా, ఉంచమంటావా? ఒక్క మాట చెప్పు."

ఏమవుతుందో నాకు తెలీదన్నాను. ఆ ముక్క రేడియోలో చెప్పుకో, నాకు కాదు అంది. నిజమే. ఇంకోలా అడిగాను.

"ఆ షేర్లు లేవనుకో. చేతిలో డబ్బే ఉందనుకో. ఇవాళ వెళ్లి ఆ కంపెనీలో పెడతావా?"

కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. చివరికి, పెట్టను అంది.

"మరెందుకు ఉంచుకున్నావ్?"

"కొన్న రేటుకన్నా వస్తుందేమోనని."

"నువ్వెంతకి కొన్నావో ఆ కంపెనీకి తెలీదు తల్లీ."

వెళ్లిపోయింది. కాఫీ అలాగే ఉండిపోయింది.

3 డిసెంబరు

అమ్మేసిందట. పెట్టినదాంట్లో సగం కూడా రాలేదు.

18 జనవరి 2000

ఆ షేరు లేచింది. వారంనుంచీ లేస్తూనే ఉంది.

పొద్దున్న పాంతెలిస్ తలుపు కొట్టాడు. రమ్మంటే లోపలికి రాలేదు. అరవలేదు కూడా. గుమ్మంలో నిలబడి నెమ్మదిగా అన్నాడు.

"నా పడవ రెండుసార్లు పగిలింది. మొదటిసారి సర్కారు పగలగొట్టింది. రెండోసారి నువ్వు."

ఏం చెప్పను? నేను అమ్మమనలేదు, అడిగానంతే అని? అలా అడగడమంటే అమ్మమనడమేనని ఇద్దరికీ తెలుసు. మధ్యాహ్నం స్టేషన్‌కి వెళ్లి, తొందరపడకండి అని మళ్లీ చెప్పాను. నా గొంతు నాకే వెగటు పుట్టింది.

11 ఏప్రిల్

ఆ కంపెనీ షేర్ల ట్రేడింగ్ ఆపేశారు. లెక్కల్లో ఉన్నన్ని చేపలు వలల్లో లేవట. ఇప్పుడా షేరు అమ్ముదామన్నా కొనేవాడు లేడు.

మెట్లమీద పాంతెలిస్ ఎదురయ్యాడు. తల తిప్పుకున్నాడు. జనవరినుంచీ కోపంతో తిప్పుకునేవాడు, ఇప్పుడు ఎందుకో నాకు తెలుసు. నా సలహా నిలబడిందని పొంగిపోవాలా? చేపలు లేవని నాకు మాత్రం ముందే తెలుసా? అది అలాగే పెరుగుతూ పోయుంటే ఈ పిల్ల మొహం ఎలా చూసేదాన్ని? వచ్చిన ఆ కాస్తన్నా పిల్ల దగ్గర ఉంది. అంతే. అంతకు మించి ఏమీ లేదు.

స్టేషన్‌కి వెళ్లి ఇక రానని చెప్పేశాను. ఒళ్లు అలిసిపోయింది, నోరు ఇంకా ఎక్కువ. నీ బదులు ఎవరు చెబుతారన్నాడు థ్రాసోస్. మిర్సిని అన్నాను. జుట్టు కత్తిరించే పిల్లా అన్నాడు. అవునన్నాను.

మిర్సిని అయితే నాకు మతిపోయిందనుకుంది.

"పెద్దమ్మా, నేను పోగొట్టుకున్నదాన్ని."

అందుకే అన్నాను. ఏమీ పోగొట్టుకోని నా మాట విన్నవాళ్లు ఎవరున్నారు గనక.

9 మే

మూడింటికి ఇంట్లోనే కూర్చుని విన్నాను. మిర్సిని మొదటి రోజు.

"నా పేరు మిర్సిని. మా నాన్న పడవ డబ్బంతా ఒక్క కంపెనీలో పెట్టాను. పెరిగినన్నాళ్లూ అది నా తెలివే అనుకున్నాను."

గోడ అవతల పాంతెలిస్ రేడియోలోనూ అదే గొంతు. సౌండు పెంచాడు.

నాది కట్టేసి, గోడలోంచి విన్నాను.