మిద్దెకూ మెట్లకూ మధ్య

ఆదివారం, రాత్రి

మహాజనులారా, ఒక చరిత్రాత్మక నిర్ణయాన్ని నిన్నటి పేజీ దాకా తేల్చలేకపోయినందుకు నన్ను మన్నించండి.

ఊరికి దక్షిణాన పెరుగుతున్న కొత్త లేఔట్‌లో అద్దె ఇల్లు చూడడానికి పొద్దున అమ్మా నేనూ వెళ్లాం. కింది అంతస్తు, గాలీ వెలుతురూ బాగున్నాయి. నేను న్యాయమూర్తిలా ముఖం పెట్టి ఓనరును అడిగాను.

"పక్కింటి మిద్దె యాడ కలుస్తాది?"

"యాడా కలవదప్పా. నడుమ సందు ఉండాది. ఎవరి ప్రైవసీ వాళ్లకు."

ఇక్కడ బ్రూస్‌పేటలో మా మిద్దెకూ పక్కింటి శాంతక్క మిద్దెకూ మధ్య పిట్టగోడ ఒక్కటే. ఎండాకాలం సాయంత్రాలు నీళ్లు చల్లి, గోడకు అటూ ఇటూ పడకలు వేసుకునేవాళ్లం. ఆమె కన్నడంలో కథ చెబితే మేం తెలుగులో ఊఁ కొట్టేవాళ్లం. ఎవరి ఊఁ ఆగితే వాళ్లు నిద్రపోయినట్టు లెక్క. శాంతక్క ఇల్లు మారి ఏళ్లయింది. నేను మాత్రం ఇంకా ఆ గోడ పక్కనే పడుకుంటాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఇదంతా చెప్పాను.

"నీకు మిద్దె గావాల. నాకు మెట్లు లేని ఇల్లు గావాల," అంది అమ్మ.

"ఆలోచిస్తాలేమ్మా."

"ఆలోచించు నాయనా. అంతవరకు నా మోకాళ్లు ఉంటే చూద్దాం."

ఇంటికొచ్చాక ఆమె మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుంది. చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటించింది.

నేను చేసింది ఒక్కటే. పాలకని వీధిలోకి వెళ్లి, ఓనరుకు ఫోన్ చేసి ఇల్లు మాకే అని చెప్పేశాను. అమ్మకింకా చెప్పలేదు. చెబితే ఈ రాత్రే సామాను కట్టేస్తుంది.