కలలో నేనే వచ్చి అడిగినా వాటాలు అమ్మవద్దు

కిసుములో పిల్లలకు లెక్కలు చెప్పుకునే నేను, కీర్తిశేషుడు సైలస్ ఒగుతు పెద్ద కూతురు రోసాలియా అవూర్‌ని. వయసు ఇరవై తొమ్మిది. వచ్చే గురువారం నైరోబీలో నా గుండె కవాటం మారుస్తారు. అందుకని బుద్ధి నిలకడగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. మా ఇంట్లో వేలిముద్ర కాక సంతకం పెట్టిన మొదటి మనిషిని నేనే. రాతలో తప్పులుంటే దిద్దండి, అర్థం మాత్రం మార్చకండి.

1. దీన్ని అమలు చేసే బాధ్యత మా ప్రధానోపాధ్యాయురాలు నెరెయా ఒబురా గారిది.

2. అమ్మ ట్రుఫేనాకు నా మంచం, ఉన్ని దుప్పటి, నాన్న పాత ఫోను. నాన్న కెరిచోలో తేయాకు కోసేవాడు. కంపెనీ కూలీలకు వాటాలు అమ్మినప్పుడు తోటివాళ్లు నవ్వుతున్నా కొన్నాడు. ఆయన పోయాక వానలు వెలిసిన రోజుల్లో ఆ ఫోను మోగి మెసేజీ వచ్చింది. 'సైలస్ ఒగుతు గారూ, మీ డివిడెండు జమ అయింది' అని చదివి వినిపించాను. "సమాధిలోంచి డబ్బు పంపుతున్నాడే! ముట్టుకోకు!" అని అమ్మ దాన్ని తీసుకెళ్లి నాన్న గుడిసెలో పెట్టింది. పోయినవాడి గుడిసెను మేము బాగుచేయం, దానంతట అదే కూలాలి. అమ్మ భయపడుతూనే ప్రతి సంతకీ ఫోను తీసుకెళ్లి ఛార్జింగ్ పెట్టించి, మళ్లీ అక్కడే ఉంచేది. అది ఏటా మోగేది. ఏటా మొత్తం కాస్త పెరిగేది.

3. కోర్టు ద్వారా నా పేరుకు మారిన ఆ వాటాలు, వాటి డివిడెండుతో నేను కొన్న మరో నాలుగు కంపెనీల వాటాలు, అన్నీ చెల్లెలు అకేయోకు. అమ్మకూడదు. అకేయో, మేకకైనా కాపలా కావాలి, వీటికి అక్కర్లేదు. రోజూ ధర చూడకు. ఏ కంపెనీ అయినా డివిడెండు తగ్గిస్తే నెరెయా గారిని అడుగు. వచ్చినదానిలో సగం నీ చదువు ఫీజుకు, సగం మళ్లీ వాటాలకు. నాన్న నీకూ చెప్పే ఉంటాడు: "చిగురు కొయ్యమ్మా, మొక్కను నరక్కు."

4. ఒచోలా బాబాయికి కొత్త కోటు ఒకటి కొనివ్వాలి. కారణం రాయాల్సిందే. "అన్నయ్య కల్లోకొచ్చాడు వదినా. ఆ కాగితాలమ్మి ఎద్దులు కొనమన్నాడు," అని ఆయన అమ్మతో అన్నాడు. పోయినవాళ్లు కలలో అడిగినది మావాళ్లు కాదనలేరు, అమ్మ ఒప్పేసుకుంది. నేను అడ్డుపడ్డాను.
"నాన్న ఏం వేసుకొచ్చాడు బాబాయ్?"
"కోటు."
"నాన్నకు కోటెక్కడిది?"
"అక్కడ ఇచ్చుంటారే! చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదూ?"

5. నేను బతకకపోతే నన్నూ కలల్లోకి రప్పిస్తారు. కాబట్టి ముందే రాస్తున్నాను. పుట్టిన బిడ్డకు నా పేరు పెట్టమంటే పెట్టండి, అది నేనే. గంజి అడిగితే పొయ్యండి, అదీ నేనే. వాటాలు అమ్మమంటే అది నేను కాదు. ఏ కోటు వేసుకొచ్చినా సరే, వెనక్కి పంపండి.

6. నా ఫోను అకేయోకు. నా పేరున వాటాలు ఉన్నంతకాలం అది నన్ను పిలుస్తూ మోగుతుంది. భయపడకు, అది కంపెనీ యంత్రం. నాన్న వాటాలు నా పేరుకు మారాక ఆయన ఫోను మోగడం ఆగిపోయింది. అమ్మ ఇప్పటికీ దానికి ఛార్జింగ్ పెట్టిస్తుంది. "పేరు మార్పించి మీ నాన్న నోరు మూయించావు కదే," అంది ఒకసారి.
అందుకని, అకేయో, నా పేరు తీసేయడానికి తొందరపడకు. ఒక్క వానాకాలం వెళ్లనీ. ఫోను మోగినప్పుడు నువ్వే చదివి అమ్మకు వినిపించు. తర్వాత మార్పించు.

కిసుము, 2023 మార్చి 14.

(సంతకం) రోసాలియా అవూర్ ఒగుతు

నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసిన సాక్షులు:
జెకనయా ఒపియో, బడి గుమస్తా
ఫెలిస్టస్ అడెరో, దర్జీ, పొరుగింటావిడ