తడి నేలకి నీళ్లు

అమ్మాయీ,

అమ్మ దీవించి చెబుతుంటే మూడో తరగతి టీచరమ్మ రాస్తున్న ఉత్తరం ఇది. నా మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ అల్లుడూ మనవరాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివించుకున్నాను. వరసగా జవాబు చెబుతా. మాత్రలు వేసుకుంటున్నాను. చేదువి పొద్దున, మరీ చేదువి సాయంత్రం. బడిలో ఆయా పని మానేసి నీ దగ్గరికి వచ్చెయ్యమన్నావు. రాను. జిల్లా విద్యాధికారి తల్లి బడి ఊడుస్తోందని నలుగురూ అనుకుంటే అనుకోనీ. ఆ చీపురు పెట్టిన అన్నం తినే నువ్వు అధికారివయ్యావు. పైగా నేను లేకపోతే గంట ఎవరు కొడతారు? హెడ్మాస్టరు కొడితే ఒకనాడు పది నిమిషాల ముందు, ఒకనాడు పావుగంట తర్వాత.

నువ్వడిగిన మూడో సంగతి ఉంది. దాని దగ్గరికీ వస్తాను, తొందరపెట్టకు. ముందు టీచరమ్మ మాట చెప్పాలి. “నా గురించి వద్దు ఆయమ్మా” అంటోంది. “నోరు నాది, చెయ్యి నీది, రాయి” అన్నాను.

నాలుగు నెలల కిందట నువ్వు మరో ఇద్దరు అధికారులతో వచ్చి ఈమె తరగతిలో పూటంతా కూర్చున్నావు. పిల్లలు గలగలా చదివారు. ఈ తరగతికి అదనపు సాయం అక్కర్లేదని రాసుకుని వెళ్లారు. వారానికి రెండు రోజులు వచ్చి టీచరమ్మకి తోడుగా పాఠం చెప్పాల్సిన మనిషి ఇంకో బడికి పోయాడు. మొన్న పరీక్ష పెడితే ముప్పై ఒక్కమందిలో ఏడుగురికి రెండక్షరాలు కలిపి చదవడం రాలేదు. ఆ రోజు వీళ్లని మా కంట పడకుండా దాచావా, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని మీ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఈమె సంజాయిషీ రాస్తుంది, చింపేస్తుంది. చింపిన కాగితాలు ఊడ్చేది నేనే కనక నాకు లెక్క తెలుసు.

ఈమె ఎవర్నీ దాచలేదు. మధ్యాహ్నం తన తిండి పక్కనపెట్టి ఆ ఏడుగురినీ ముందేసుకుని కూర్చునే మనిషి. నా ఒక్కదాని వల్ల కావడం లేదు, సాయం పంపండని మీకు అర్జీ పెట్టుకున్నదీ ఈమే. డాక్టరుని పిలిచినవాళ్లు రోగం దాచుకుంటారా?

అమ్మా, ఆ రోజు ఏం జరిగిందో నీకేమైనా తెలుసా అని అడిగావు. తెలుసు. దాచింది నేను.

టీచరమ్మ కలం ఆపింది. రాయమన్నాను.

ఆ పొద్దున గేటు దగ్గరే ఏడుగురినీ పట్టుకున్నాను. మొక్కలకి నీళ్లు పోయాలని చెప్పి బడి వెనక్కి తోలాను. వాళ్లకి జ్వరాలని టీచరమ్మతో అన్నాను. మీరు వెళ్లేదాకా గోడ చాటున పోయిస్తూనే ఉన్నాను. ముందు రోజే కుండపోతగా వాన. మధ్యలో నువ్వు బయటికొచ్చి, నా చేతిలో డబ్బా చూసి, “తడి నేలకి నీళ్లెందుకమ్మా?” అన్నావు. “మొక్కల సంగతి నీకేం తెలుసు, నీ పని చూసుకో” అన్నాను.

తప్పులు పట్టడానికి రాలేదు, సాయం చేయడానికి వచ్చామని ఆ రోజు నువ్వు అంటే, కన్న కూతురివైనా నమ్మలేదు. కుర్చీలో కూర్చున్నవాళ్లు ముందు ఆ మాటే అంటారు.

ఇంకొకటి. చిన్నప్పుడు నువ్వడిగితే, బడి దూరమని చదువుకోలేదన్నాను. బడి మా వీధి చివరే ఉండేది. పైనుంచి ఎవరైనా వస్తే నన్నూ ఇంకో ఇద్దరు మొద్దుల్నీ వెనక గోడ దగ్గర కూర్చోబెట్టేవారు. మూడోసారి, వచ్చినాయన వెళ్లిపోయాక, మమ్మల్ని లోపలికి పిలవడం మరిచిపోయారు. లేచి ఇంటికొచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు, ఎవరూ అడగలేదు. అలాంటి గోడ చాటుకే ఈ ఏడుగురినీ నా చేత్తో తోలాను.

టీచరమ్మ కళ్లు తుడుచుకుని, “నాకొక్క మాట చెప్పాల్సింది ఆయమ్మా” అంది.

“చెబితే తోలనిచ్చేదానివా?”

“లేదు.”

“అందుకే చెప్పలేదు.”

కాబట్టి నోటీసు నా పేరు మీదికి మార్చు. పనిలోంచి తీసేస్తే తీసెయ్యి, నీ దగ్గరికి వచ్చేస్తా, నీ కోరికా తీరుతుంది. ఆ తోడు మనిషిని మాత్రం మా బడికి పంపు. నువ్వూ రా, ఎప్పుడొచ్చేదీ చెప్పకుండా రా. వచ్చి ఆ ఏడుగురి మధ్యన కూర్చో. బెంచీ చిన్నది, సర్దుకో.

ఇది ఎవరో అల్లిన మాటని మీ ఆఫీసువాళ్లు అంటే కింది వేలిముద్ర చూపించు. నువ్వు గుర్తుపడతావు. పదేళ్లు నీ మార్కుల కార్డుల మీద పడింది ఇదే.

ఇట్లు,
ఒక్క అంకె చదవలేకపోయినా నీ మార్కులన్నీ నమ్మిన
మీ అమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)