ప్రతి మంగళవారం ఒక అంకె తక్కువ

మార్చి 18, 2025, మంగళవారం

నాగపూర్‌లో రెండు రోజుల కోర్సు చేసినందుకు ఇచ్చిన సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టించి క్లినిక్ గోడకు తగిలించాను. డ్రై నీడ్లింగ్. మా తుకుం గల్లీలో నేనే మొదటిదాన్ని. మందు ఉండదు, ఇంజెక్షన్ కాదు, వెంట్రుకంత సూది. గట్టిపడ్డ కండలో సరైన చోట దిగితే ఆ కండ ఒక్కసారి ఎగిరిపడి వదులవుతుంది. పొద్దుటి నుంచి ఆరుగురికి ఇదే పాట పాడాను. ఆరుగురూ వచ్చే వారం చూద్దాం మేడమ్ అని జారుకున్నారు. పిరికి సన్నాసులు.

చివరికి బల్ల మీద పడుకున్నది మా సమ్మన్న మామ. అమ్మకు తమ్ముడు. పద్మాపూర్ బొగ్గు గనిలో ఇరవై ఆరేళ్లుగా డంపర్ నడుపుతున్నాడు. జివతి గుట్టల మీది మా ఊర్లో పదో తరగతితో నా చదువు ఆపేస్తామంటే, వచ్చి నా పెట్టె ఎత్తుకుని తన క్వార్టర్‌కు తెచ్చుకున్న మనిషి. ఈ ఫిజియోథెరపీ డిగ్రీ ఆయన ఇంట్లో కూర్చుని చదివిందే.

కుడి భుజం నొప్పి. వీపు రెక్క లోపలి అంచు నుంచి, చేయి లోపలి వైపుగా చిటికెన వేలి దాకా లాగుతోందట. అచ్చం పుస్తకంలో బొమ్మే! నాకు ఎంత సంతోషమేసిందో. పదికి ఎంత నొప్పి మామా అంటే ఎనిమిది అన్నాడు. నాలుగు సూదులు వేశాను. సూది కింద అంగుళం లోతులో ఊపిరితిత్తి ఉంటుంది, మర్చిపోవద్దు అని కోర్సులో సార్ పదిసార్లు చెప్పాడు. నేను మర్చిపోలేదు. కండను వేళ్లతో పైకెత్తి పట్టుకుని, ఊపిరితిత్తికి దూరంగానే గుచ్చాను. మామేమో, కానియ్ బిడ్డా, నువ్ కానియ్ అన్నాడు.

కొత్త పేషెంట్లకు నింపే ఫార్మ్ మాత్రం నింపలేదు. అందులో బరువు తగ్గారా, దగ్గుతో రక్తం పడుతోందా అనే ప్రశ్నలుంటాయి. సొంత మామను పట్టుకుని ఇంటి ఆడపిల్ల అడిగే మాటలా అవి? నోట్లోంచి అపశకునం రాలితే రాజక్క అత్త నన్ను గడప తొక్కనిస్తుందా?

మార్చి 25

ఏడు.

ఏప్రిల్ 1

ఆరు! మూడు చుక్కలు కలిపి గ్రాఫ్ గీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. పేరు రాయలేదు, యాభై రెండేళ్ల డంపర్ ఆపరేటర్ అని మాత్రమే. అయినా మామ ఊరుకుంటాడా? మా కోడలు సూదులతోటి నొప్పి గుంజి పారేస్తది అని క్వార్టర్స్ మొత్తం చాటుతున్నాడట. ఈ వారం ముగ్గురు కొత్తవాళ్లు వచ్చారు. ముగ్గురూ సమ్మన్న పంపిండు అనే చెప్పారు.

ఏప్రిల్ 8

ఐదు.

అత్త కూడా వచ్చింది. వెయిటింగ్ బెంచీ మీద కూర్చుని, సూడే గిరిజా, మీ మామ గీ వయసుల ఎవలకో కన్ను కొడుతుండు అని నవ్వింది. నిజమే, కుడి రెప్ప కొంచెం వాలి ఉంది. దుమ్ము పడ్డదే, దానికే గింత లొల్లి అన్నాడు మామ. షర్టు కూడా వదులైంది. ఎండలకు అన్నం సగం ఇడిచిపెడుతుండు అంది అత్త. బల్ల ఎక్కబోతూ ఆయన ఒక నిమిషం దగ్గాడు. నేను సూదులు విప్పుతూ ఆగాను, అంతే. పద్మాపూర్‌లో దగ్గనివాడిని ఒక్కడిని చూపించండి, దండేసి దండం పెడతాను.

బెంచీ మీద కూర్చున్నంతసేపూ మామ ఎడమ అరచేతిలో కుడి మోచేతిని పట్టుకునే ఉన్నాడు, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు. ఐదు అని చెప్పినప్పుడు కూడా.

ఏప్రిల్ 13, ఆదివారం

ప్రతీక్‌తో గొడవ. మా ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. గ్రాఫ్ చూసి, గిరిజా, ఇది మనిషి నొప్పా, స్కేలు పెట్టి గీసినవా అన్నాడు. ఎనిమిది, ఏడు, ఆరు, ఐదు. ఒక్క వారమన్నా ఆగాలె, ఒక్క వారమన్నా పైకి పోవాలె, గిట్ల తిన్నగ ఏదీ దిగదు అన్నాడు. ఒళ్లు మండిపోయింది. మీ కాలేజీ పిల్లలు లెక్కల్లో ఫెయిలైతే నేనొచ్చి వేలు పెట్టానా అన్నాను.

ఏప్రిల్ 15

నాలుగు. ప్రతీక్ ముఖాన పెట్టి చూపించాను.

ఏప్రిల్ 22

మూడు. బయట నలభై నాలుగు డిగ్రీలు. కూలర్ ఉన్నా లేనట్టే.

ఒక విచిత్రం. బోర్లా పడుకున్నవాళ్లు ముఖం పెట్టుకోవడానికి బల్లకు గుండ్రటి రంధ్రం ఉంటుంది. దాని చుట్టూ నాప్‌కిన్ పరుస్తాను. ఈ ఎండల్లో ఎవరు లేచినా అది పిండుకోవాల్సిందే. మామ లేచాక చూస్తే ఎడమ సగం తడిసి ముద్దయింది. కుడి సగం ఇస్త్రీ చేసినట్టు పొడిగా ఉంది. కూలర్ కుడి వైపు ఉందిగా, గాలికి ఆరిందనుకున్నాను.

ఏప్రిల్ 29

రెండు.

కూలర్‌ను ఎడమ వైపుకు జరిపాను. మళ్లీ ఎడమ సగమే తడి.

సూదులయ్యాక చాయ్ ఇస్తే మామ చేతిలోంచి గ్లాసు జారి పగిలింది. ముక్కలు ఎడమ చేత్తో ఏరాడు. కుడి చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ లేదు. గుంట పడింది. పట్టు దొరుకుతలేదు బిడ్డా, ఏమో అన్నాడు. సూదుల తర్వాత రెండు రోజులు కండ నీరసంగా ఉంటుంది, నార్మల్ మామా అన్నాను. అందరికీ చెప్పే మాటే. చెబుతుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. నేను సూదులు వేసేది భుజానికి. చేతికి కాదు.

మే 1, మధ్యాహ్నం 3 గంటలు

సెకండ్ ఇయర్ పుస్తకం అలమారలోంచి తీసి టేబుల్ మీద పెట్టాను. తెరవలేదు.

మే 3

ఎట్లున్నవ్ మామా అని ఫోన్ చేశాను. ఒకటిన్నర అన్నాడు. నేను అంకె అడగలేదు.

మే 6, మంగళవారం

బల్ల ఎక్కనివ్వలేదు. కిటికీ దగ్గర నిలబెట్టి రెండు చేతులతో ముఖం పట్టుకున్నాను. ఎడమ చెంప చెమటతో జారుతోంది. కుడి చెంప పొడిగా ఉంది. కుడి రెప్ప వాలి ఉంది. దాన్ని వేలితో ఎత్తి చూస్తే లోపల కంటిపాప ఎడమదానిలో సగం కూడా లేదు. ఆ మూడూ కలిపి ఒక పేరుంది. వైవాలో గడగడా చెప్పి శభాష్ అనిపించుకున్నదాన్ని. కంటికి, చెంపకు పోయే నరం ఊపిరితిత్తి కొన మీదుగా పోతుంది. చేతికి పోయే నరాలూ అక్కడే. అక్కడ ఏదో పెరిగి వాటిని నొక్కుతోంది.

ఏందే గట్ల సూస్తున్నవ్ అన్నాడు మామ.

చేయి పట్టుకుని పక్క వీధిలో ఎక్స్‌రేకు తీసుకుపోయాను. అక్కడి అమిత్ నోరు మామూలుగా ఒక్క నిమిషం ఆగదు. ఈరోజు ఫిల్మ్ నా చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయాడు. కుడి ఊపిరితిత్తి పైకొన తెల్లగా ఉంది. పక్కటెముక అంచు ఒకటి కనబడటం లేదు.

ఏడు వారాలు సూది ఊపిరితిత్తికి తగలకుండా కాపాడాను. నా తెలివి మండిపోను! దానిలో ఏముందో అని ఒక్కసారి ఆలోచించలేదు. కాదు, అదీ అబద్ధమే. గ్లాసు పగిలిన రోజు నుంచి నాకు తెలుసు. పుస్తకం తెరవకపోతే నిజం కాదనుకుని వారం ఆగాను.

మే 7

రాజక్క అత్త ఏడుస్తూ అన్నీ చెప్పింది. మార్చి నుంచి మామ మంచం మీద నడుం వాల్చింది లేదట. గోడకు ఆనుకుని, చేయి తల మీద పెట్టుకుని కూర్చునే తెల్లారగడుతున్నాడట. ఫిబ్రవరిలో రెండుసార్లు దగ్గుతో రక్తం పడిందట. నువ్ అడిగితె చెప్పేటోడు, అడగకపాయె అంది. సూదులతో తగ్గలేదని చెప్పు అని తను పోరితే మామ కొట్టినంత పని చేశాడట. పిల్ల కొత్తగ వెట్టుకున్నది, సొంత మామకే తగ్గలేదంటె ఇంకెవడొస్తడు, దాని పేరు పోగొడ్తనా, వారానికి ఒకటి తగ్గించి చెప్తె పోయింది ఏంది అన్నాడట.

స్టేటస్‌లో అంకె మారగానే ఫోన్ పట్టుకుని పొరుగువాళ్లకు చూపించేవాడట. చూసిర్రా, మా గిరిజ గీసింది అని.



మే 20, నాగపూర్

బయాప్సీ వచ్చింది. క్యాన్సరే. పక్కటెముకను తినేసి వెన్నులోకి పోయింది. ఆపరేషన్ లేదు. డాక్టరమ్మ మార్చిలో వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, మధ్యలో ఆగి, ఇప్పటిదాకా వైద్యం ఎక్కడ చేయించారు అని అడిగింది. మామ నాకంటే ముందు, ఏడ జెయ్యించలేదు మేడమ్, నేనే పట్టించుకోలేదు అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నిజం చెప్పడానికి లేచాను. మామ ఎడమ చేత్తో నా కొంగు పట్టి కూర్చోబెట్టాడు. కూర్చున్నాను. ఛీ, కూర్చున్నాను.

క్లినిక్‌కు తాళం వేసి పది రోజులైంది. ఫోన్ మోగుతూనే ఉంది. సమ్మన్నకు తగ్గిందట కద, మాక్కూడ గవే సూదులు వెయ్యుర్రి అంటున్నారు.

జూన్ 10, మంగళవారం

మార్ఫిన్ పెంచారు. నర్సు వచ్చి, పదికి ఎంత నొప్పి ఉందో చెప్పమంది. మామ తల తిప్పి నన్ను చూశాడు.

ఎంత చెప్పమంటవ్ బిడ్డా, అని అడిగాడు.