నీలిపిడుగు ఎవరు?

మెట్‌పల్లి,
అక్టోబర్ 6

ప్రియమైన తమ్ముడు గంగాప్రసాద్‌కు,

అక్క దీవెనలు. ముందే చెప్తున్నా, ఇది చదవగానే ఫోన్ చేయకు. నువ్వు ఫోన్ చేస్తే నీ రూమ్‌లో తొమ్మిది మంది వింటారు, ఇక్కడ మీ బావ వింటాడు. పోనీ వాట్సాప్ అనుకుంటే, నువ్వు ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే తెలుగు చదవడం కన్నా నా ఐదో తరగతి పిల్లల డిక్టేషన్ దిద్దడం సుఖం. నాలాగే కాగితం మీద చేత్తో రాసి, ఫోటో తీసి పంపు.

సంగతేమిటంటే, నీలిపిడుగు మళ్ళీ వస్తున్నాడురా! ఆదివారం పదకొండు గంటలకు కిరాణా కొట్టాయన ఇంటి గడపలో కూర్చుని చూసేవాళ్ళం, గుర్తుందా? నువ్వు మూడో తరగతి, నేను ఏడు. నీలం లుంగీ మెడకు కట్టుకుని ఆయన అరుగు మీంచి దూకి పన్ను విరగ్గొట్టుకున్నావు. ఆ సీరియల్‌లో వేసిన వాళ్ళందరినీ పాతికేళ్ళ తర్వాత ఒకచోట కూర్చోబెట్టి, నవంబర్ 9 సాయంత్రం ఏడింటికి లైవ్‌లో చూపిస్తారట. విలన్ వేసిన ఆయన వస్తున్నాడు. ప్రతి వారం ఆపదలో చిక్కుకునే చిన్నపాప వస్తోంది, ఇప్పుడు హైదరాబాద్‌లో పళ్ళ డాక్టరట! దర్శకుడు పోయి నాలుగేళ్ళయింది. ఇక రానివాడు ఒక్కడే, నీలిపిడుగు.

ఆయన ఎవరో, ఎక్కడున్నాడో చానల్ వాళ్ళకే తెలియదట. అన్ని వారాలూ ముసుగులోనే ఉన్నాడు కదా. చివర పేర్లు వేసేటప్పుడు కూడా నీలిపిడుగు ఎదురుగా ప్రశ్నగుర్తు వేసేవారు. "తెలిసినవాళ్ళు చెప్పండి" అని రోజూ టీవీలో అడుగుతున్నారు. నాకైతే మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. స్తంభాలు ఎక్కేవాడు చూడు, నడుముకు తాడు కట్టుకుని, చేతులు వదిలేసి వెనక్కి వాలి, ముందు ఎడమ కాలు వేసి! అదంతా వైర్లు కట్టి లాగారని మీ బావ వాదన. నేను ఒప్పుకోను. అది ఎవరో నేర్చిన పనే.

మీ ఒమన్ క్యాంపులో అన్ని జిల్లాల వాళ్ళూ ఉంటారు కదా, ఎవరికైనా ఏమైనా తెలుసేమో అడుగు.

వేళకు తిను. ఎండలో టోపీ పెట్టుకో.

నీ ఉత్తరం కోసం కాచుకుని ఉండే
అక్క సుమలత

*

సహం,
అక్టోబర్ 18

ప్రియమైన అక్కకు,

నీ తమ్ముడు గంగాప్రసాద్ దండాలు. నేను క్షేమం. పన్ను సంగతి బావకు చెప్పనని మాటిచ్చావు, మర్చిపోకు.

నీ ఉత్తరం వచ్చిన శుక్రవారం డ్యూటీ లేదు. నీలిపిడుగు ప్రకటన ఫోన్‌లో పెట్టి మా ఎలక్ట్రీషియన్ బాబు మియాకు చూపించాను. ఆయనది కడప. ఆయనా చిన్నప్పుడు చూశాడట. చివరి వారం గుహ కూలిపోయి నీలిపిడుగు చచ్చిపోయాడని ఆయన, చావలేదని నేను, ఇద్దరం గట్టిగా అరుచుకుంటున్నాం. మా క్యాంపు వంటాయన గురవయ్య కాక పక్కనే ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"గుహ అయినంక ఇంకోటి తీసిన్రు. టీవీల రాలె. డేరాకు మంట అంటుకున్నది, టేపులన్ని కాలిపోయినయ్."

"నీకెట్ల తెల్సు కాకా?" అన్నాను.

"ఎవలో అంటే విన్న" అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది అక్కా. ఈయన చేతి వంట ఆరేళ్ళుగా తింటున్నాను, ఒక్కరోజూ ఇలా కాలేదు.

అంతటితో అయిపోలేదు. నిన్న శుక్రవారం గేటు దగ్గర ఖర్జూరం చెట్టుకు ఎండు మట్టలు కొట్టాలన్నారు. నిచ్చెన తేవడానికి నేను పోయి వచ్చేలోగా కాక ఎక్కేశాడు. యాభై దాటిన మనిషి! నడుముకు తాడు, చేతులు వదిలేసి వెనక్కి వాలడం, ముందు ఎడమ కాలు. నా చేతిలో నిచ్చెన అట్లాగే ఉండిపోయింది. దిగాక, ఈ పని ఎక్కడ నేర్చావని అడిగాను. "ఊర్ల కల్లుకు తాళ్ళెక్కేటోన్ని బిడ్డా. గౌండ్లోల్లకు ఇది కొత్తనా?" అని నవ్వాడు. మెడ మీద మాత్రం కాలిన మచ్చ ఉంది.

కాక ఫోటో తీశాను, పంపుతున్నా. నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంటోంది. నువ్వేమంటావు?

తమ్ముడు
గంగాప్రసాద్

*

మెట్‌పల్లి,
అక్టోబర్ 27

ప్రియాతిప్రియమైన తమ్మీ,

ఏమంటానా? ఎగిరి గంతేశాను! అరవకుండా ఉండలేక బాత్రూమ్‌లోకి పోయి నల్లా విప్పి అరిచాను.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను, కోప్పడకు. ఆ ఫోటో, నువ్వు రాసిందంతా చానల్ వాళ్ళకు పంపించాను. వాళ్ళు గంటలో ఫోన్ చేశారు. పాత కాగితాల్లో వెతికితే ముసుగు వేసుకున్న మనిషి పేరు దొరికిందట. లచ్చన్న, జగిత్యాల వైపు కల్లు గీత పని చేసేవాడు. అచ్చం నువ్వు చెప్పినట్టే! కానీ పేరే కలవడం లేదు. మీ కాక గురవయ్య అని రాశావు. నువ్వు గానీ పేరు తప్పు రాయలేదు కదా?

చానల్ వాళ్ళు మాత్రం ఫోటో తెర మీద వేసి, నన్ను స్టేజీ మీద కూర్చోబెట్టి, "నీలిపిడుగును కనిపెట్టిన అభిమాని" అని పరిచయం చేస్తారట. నేను అవునని చెప్పగానే ఒమన్‌కు వీడియో కాల్ కలుపుతారు. ఫోన్ నువ్వే పట్టుకుని ఆయనకు ఇవ్వాలి. అప్పటిదాకా ఆయనకు చెప్పకు. బడిలో అందరికీ చెప్పేశాను. పిల్లలు నన్ను దేవతను చూసినట్టు చూస్తున్నారు.

ఆ రోజు నువ్వు కూడా మంచి చొక్కా వేసుకో.

మురిసిపోతున్న
మీ అక్క

*

సహం,
అక్టోబర్ 31

అక్కా,

ఎంత పని చేశావు! కాగితం ముందు పెట్టుకుని గంట నుంచి కూర్చున్నాను, కోపం దిగడం లేదు. నీ మీద కన్నా నా మీదే ఎక్కువ. ఆ ఫోటో పంపింది నేనే కదా.

నీ ఉత్తరంలో లచ్చన్న అన్న పేరు చదివాక ఉండబట్టలేక కాకను సముద్రం ఒడ్డుకు తీసుకుపోయి అడిగేశాను. చెప్పులు విప్పి ఇసుకలో కూర్చున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"నేను గురవయ్యను కాదు బిడ్డా. గురవయ్య నా బామ్మర్ది. వీసా ఆనికొచ్చింది. ఇంకో వారంల ఇమానం ఎక్కుతడనంగ బండి మీంచి పడి కాలిరగ్గొట్టుకున్నడు. వచ్చిన వీసా ఖరాబు చేసుడెందుకని ఏజెంటు పాసుపోర్టుల ఫోటో మార్చిండు. ఆని పేరు మీద నేను ఎక్కిన. రెండేండ్లు చేసి పోదామనుకున్న. ఇరవై నాలుగేండ్లయింది."

సీరియల్ ఆగిపోయాక ఊళ్ళో చెట్టెక్కి బతుకుతున్న రోజులట అవి. ఇప్పుడు ఎగ్జిట్ పెట్టుకున్నాడు. నవంబర్ 27న టికెట్. ఇక శాశ్వతంగా వెళ్ళిపోతాడు. టీవీలో ఆయన మొహం వేసి, ఇతనే లచ్చన్న అని లోకానికంతా చెప్తే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా? ఇక్కడి గుర్తింపు కార్డు, బతాకా మీద గురవయ్య, పాస్‌పోర్టు మీద గురవయ్య. ఇక్కడ పట్టుకున్నా జైలే, అక్కడ విమానం దిగాక పట్టుకున్నా జైలే. ఇంటి దగ్గర ఆయన భార్య ముత్తవ్వ రోజులు లెక్కపెట్టుకుంటోంది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు అక్కా. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. చివరికి ఒక్కటే అడిగాడు: "ఆ చిన్నపాప గూడ వస్తదా టీవీల?" వస్తుందన్నాను. తల ఊపాడు.

ఎట్లాగైనా ఆపు. నీ కాళ్ళు మొక్కుతా.

గంగాప్రసాద్

*

మెట్‌పల్లి,
నవంబర్ 5

తమ్మీ,

నాలుగు రోజులుగా చానల్ వాళ్ళకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఫోటో వేయొద్దని బతిమాలాను. "మేడమ్, ప్రోమో కూడా కట్ చేశాం, ఇప్పుడెలా?" అంటారు. నేను రానని బెదిరించాను. "వస్తే మీరే చెప్పండి, రాకపోతే ఆయనే లచ్చన్న అని మేమే చెప్పేస్తాం" అన్నారు. కాబట్టి నేను వెళ్ళక తప్పదు.

తెలుసుకోవాలన్న ఆత్రం తప్ప నాకు వేరే ఆలోచనే రాలేదురా. ఆయనకు చెప్పొద్దని కూడా నేనే అన్నాను. ఒక మనిషి సంగతి ఆ మనిషిని అడగకుండా ఊరికి చాటబోయాను. పాఠాలు చెప్పే దాన్ని, ఇంత బుద్ధిలేని పని చేశాను.

మా బడిలో ఆ రోజు పెద్ద టీవీ పెట్టి పిల్లలందరికీ చూపిస్తామని హెడ్ మాస్టరు గారు నోటీసు కూడా అంటించారు. స్టేజీ మీద ఏం చేస్తానో నాకే తెలియడం లేదు. ఏడింటికి నువ్వు మాత్రం ఫోన్ ఆపేసి పెట్టు.

తప్పు చేసిన
మీ అక్క

*

సహం,
నవంబర్ 9

బంగారం లాంటి అక్కా,

ఇప్పుడే ప్రోగ్రామ్ అయిపోయింది. మాకు ఇక్కడ ఐదున్నరకు వచ్చింది. డ్యూటీ నుంచి వచ్చిన బట్టలతోనే మెస్‌లో అందరం బాబు మియా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. కాక అందరికన్నా వెనక, వంటగది తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను ఆయన్ని చూడనా, నిన్ను చూడనా?

ఆకుపచ్చ చీరలో నువ్వు వచ్చావు. చప్పట్లు. కాక ఫోటో తెర నిండా పడింది. మెస్‌లో ఒకటే గోల. యాంకరమ్మాయి "చెప్పండి సుమలత గారూ, ఈయనేనా మన నీలిపిడుగు?" అంది. నువ్వు మైకు పట్టుకుని నోరు తెరిచి మళ్ళీ మూశావు.

"కాదండీ. ఈయన మా తమ్ముడి క్యాంపులో వంట చేసే గురవయ్య. టీవీలో కనిపించాలనే ఆశతో కథ అల్లాను. తప్పయిపోయింది" అన్నావు.

అంత మంది ముందు నీ మీద అంత నింద నువ్వే వేసుకుంటావని నేననుకోలేదు అక్కా. విలన్ వేసిన పెద్దమనిషి పగలబడి నవ్వాడు. యాంకరమ్మాయి వదలకుండా పళ్ళ డాక్టరమ్మను కూడా అడిగింది. ఆమె ఫోటో వైపు చాలాసేపు చూసి, "కాదు, ఈయన్ని నేనెప్పుడూ చూడలేదు" అంది. అని వెంటనే నీళ్ళ గ్లాసు అందుకుంది. ఇక్కడ బాబు మియా "అరె భాయ్, మీ బాజీ టీవీలోకెక్కి పరువంతా తీసుకునిందే!" అని తొడ చరుచుకున్నాడు. అందరూ నవ్వారు. లేచి నాలుగు తగిలిద్దామనిపించింది, ఆగాను.

వెనక్కి తిరిగితే కాక లేడు. వంటగదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు కూడా.

"పాప గిలాస పట్టుకున్నది సూసినవా? ఎడమ చెయ్యి. ఆ డేరా మంటలకెల్లి నేను ఎత్తుకొస్తుంటే ఆ చెయ్యి కాలింది. నయమైందో, వంకరపోయిందో అని ఇన్నేండ్లు నాకు రంధి. డాక్టరు పని చేస్తున్నదంటే మంచిగనే ఉన్నట్టు కదా బిడ్డా?"

మంచిగానే ఉందన్నాను. నాకూ కళ్ళ నీళ్ళు ఆగలేదు.

రేపు బడికి ఎలా వెళ్తావో ఏమో. నీకు తమ్ముడిగా పుట్టినందుకు గర్వపడుతూ,
గంగాప్రసాద్

*

మెట్‌పల్లి,
డిసెంబర్ 14

నా చిన్ని తమ్ముడికి,

నెల రోజులు రాయలేదని అలిగావట. రాయడానికి మనసు రాలేదు. బడికి వెళ్ళిన మొదటి రోజు నల్లబల్ల మీద పిల్లలు నీలిపిడుగు బొమ్మ గీసి, కింద "మా టీచర్ అబద్ధం" అని రాశారు. తుడిచేసి లెక్కల పాఠం మొదలుపెట్టాను. హెడ్ మాస్టరు గారు వారం దాకా నాతో మాట్లాడలేదు. కూరగాయల దుకాణంలో కూడా నవ్వారు. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను, నీ దగ్గర దాపరికమెందుకు?

పళ్ళ డాక్టరమ్మ సంగతి అడిగావు. మేకప్ గదిలో ధైర్యం చేసి ఆమెకు ఉన్నదంతా చెప్పేశాను. ఆమె నా చేయి పట్టుకుని, "ఆయన బతికే ఉన్నాడా?" అని ఒక్కటే అడిగింది. మిగతాది నువ్వు చూశావు.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన పోయిన నెల 27న విమానం దిగి, ఏ ఇబ్బందీ లేకుండా ఇల్లు చేరాడని నువ్వు చెప్పావు కదా. మొన్న బడి వదిలే వేళకు గేటు బయట ముత్తవ్వతో కలిసి నిలబడి ఉన్నాడు. ఫోటోలో చూసిన మొహం కదా, వెంటనే పోల్చుకున్నాను. వేపచెట్టు వైపు తిరిగి పిల్లల ఆట చూస్తున్నాడు. నెల కిందటి టీవీ ఫోటో మా పిల్లలకు గుర్తు లేనట్టుంది, అప్పటికే చుట్టూ మూగి "ఎవరు టీచర్, ఎవరు టీచర్?" అని మొదలుపెట్టారు.

"లచ్చన్న కాకా!" అని పిలిచాను.

ఆయన తిరగలేదు. వినబడలేదేమోనని దగ్గరికి వెళ్ళి ఇంకా గట్టిగా పిలిచాను. అయినా తిరగలేదు. ఎవరినో పిలుస్తున్నారనుకుని పక్కకు జరిగి దారి ఇచ్చాడు తమ్మీ! ముత్తవ్వ ఆయన భుజం మీద చేయి వేసి, "నిన్నేనయ్యా, నీ పేరు పెట్టే పిలుస్తున్నది" అంది.

అప్పుడు తిరిగాడు. గేటు కడ్డీలు రెండు చేతులతో పట్టుకుని, మా పిల్లలందరి ముందూ భోరున ఏడ్చాడు. "మల్లొకసారి పిలువు బిడ్డా" అన్నాడు. పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో నాకే గుర్తు లేదు.

పిల్లలు నా కొంగు లాగుతూనే ఉన్నారు, ఎవరో చెప్పమని. "మా లచ్చన్న కాకరా, ఒమన్ నుంచి వచ్చాడు" అని మాత్రం చెప్పాను. వాళ్ళు నమస్తే పెట్టి ఆటలోకి పరిగెత్తారు.

ఎప్పటికీ నీ
అక్క సుమలత