కట్ట మీద పేరు పిలిచే రోజు

అక్క యాదమ్మకు, మిర్యాలగూడ మిల్లు గుడిసెల నుంచి నీ చెల్లెలు సత్తెమ్మ కాళ్ళకు మొక్కి రాస్తున్నది.

నువ్వూ బావా పిల్లలూ ఎలా ఉన్నారు? బావకు ఆ పొడి దగ్గు తగ్గిందా? బర్రె ఈనిందా, దూడ నిలబడిందా? ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నామని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. బాగాలేనిది కింద వస్తుంది. సగం చదివి ఏడుపు మొదలుపెట్టకు, చివరిదాకా చదువు. బావకు మాత్రం ఇప్పుడే చూపించకు. పెన్ను పట్టుకుంటే నాకు బడి తెలుగే వస్తుంది. ఏడో తరగతి చదివిన పొగరు అనుకుని నవ్వుకో.

బావ రాసిన కార్డు అందింది. మన చెరువు అలుగు దుంకిందని, చేపపిల్ల పోశారని, శివరాత్రి దాటినాక చేపలు పడతారని, తమ్ముడు ఆ రోజు వచ్చి, పేరు పిలవగానే కట్ట మీద పలకకపోతే చేపల సంఘంలో పేరు తీసేస్తారని రాశాడు. నీ మరిదికి, అదే మా ఆయనకు, చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు, చదివాను. "రాయి. పేరు కొట్టేయుమని రాయి. ఇంకేం రాయకు" అన్నాడు.

ఆ మాట ఒక్కటే రాస్తే బావ ఏమనుకుంటాడు? కాలువ నీళ్ళ అన్నం తిని తమ్ముడికి కొవ్వు పట్టిందనుకుంటాడు. అందుకే కవరు దొరకలేదని ఇన్నాళ్ళూ సాకు చెబుతూ వచ్చాను. ఇవాళ కొన్నాను. ఎందుకలా అన్నాడో నువ్వయినా తెలుసుకోవాలి.

ఇక్కడి సంగతి నీకు తెలిసిందే. ఎటు చూసినా వరి, ఎటు చూసినా నీళ్ళు, వాటికి తగ్గ దోమలు. నానబెట్టిన వడ్ల కంపు కొప్పులోకి కూడా ఎక్కుతుంది. ఊక బూడిద గాలికి లేచి అన్నం గిన్నెలో పడుతుంది. పొద్దుగూకే దాకా సిమెంటు కళ్ళంలో ఉడికిన వడ్లను కాళ్ళతో తిరగేయడం నా పని. నా పాదాలు చూస్తే నువ్వు గుర్తుపట్టవు. మూడు పూటలా బియ్యమే తిని తిని నోరు చచ్చిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే సోలెడు జొన్నపిండి పంపు. ఒక్క రొట్టె చేసుకుని ఉల్లిపాయతో తింటే ప్రాణం లేచి వస్తుంది.

నీ మరిది ఇక్కడికి వచ్చిన కొత్తలో చెరువును చూసి మురిసిపోయాడు. మిల్లు వెనక పొలాలు దాటితే ఊరి చెరువు. కాలువ నీళ్ళు వదిలితే ఎండాకాలంలో కూడా నిండుగా ఉంటుంది. మన పద్మ పుట్టినప్పటి నుంచి మన చెరువులో నీటి చుక్క చూడలేదు కదా, ఇక్కడ కట్ట మీద నిలబడి, "అమ్మా, ఇది ఎవలదే?" అని అడిగింది. నేనేం చెప్పను? మనది కాదని చెప్పాను. మన ఊళ్ళో చెరువు మీద హక్కు ఉంది, నీళ్ళు లేవు. ఇక్కడ నీళ్ళు ఉన్నాయి, హక్కు లేదు.

ఈ ఊరి సంఘం పెద్దమనిషి మంచివాడే. ఆయన మొదటి రోజే తేల్చి చెప్పాడు. "గాలం ఏసుకో, జిలేబి చేప పట్టుకో, నిన్నెవలేమనరు. నీ వల మాత్రం మా నీళ్ళల్ల తడవొద్దు. గాలానికి బొచ్చె గాని రవ్వు గాని తలిగితే మళ్ళ నీళ్ళల్లనే ఇడువాలె." బొచ్చె, రవ్వు వాళ్ళు డబ్బు పెట్టి పిల్ల పోసి పెంచుకున్నవి. జిలేబిని ఎవరూ పోయలేదు. కాలువ వెంట అదే వచ్చి, అదే పెరిగింది. అందుకే అది అందరిదీ.

నీ మరిది తల ఊపాడు. "గది న్యాయమే. మన కాడ మనం గూడ గట్లనే అంటం గద" అన్నాడు.

మన మామ బతికున్నప్పుడు జిలేబి వలలో పడితే ఏరి గట్టు మీదికి విసిరేసేవాడు, గుర్తుందా? "పిల్ల పొయ్యకుండ పుట్టేది, కొనేటోడు లేకుండ సచ్చేది, గది గూడ చేపనా?" అనేవాడు. ఆయన కొడుకు పొద్దంతా వడ్ల బస్తాలు మోసి, సాయంత్రం వెదురు కర్రకు బెండు కట్టుకుని, పిండి ముద్ద గుచ్చి, చిన్నపిల్లవాడిలా ఆ జిలేబీల కోసం కూర్చునేవాడు. నాతో వడ్లు తిరగేసే రమణమ్మది కోదాడ. ఆమె నన్ను ఆటపట్టించేది. "అదేంటొదినా, మా కోదాడలో జిలేబీ పులుసంటే ఎగబడతారు. మీ ఆయన పట్టేదేమో పట్టుకొస్తాడు, తినడానికి మొహం చిట్లిస్తాడు!" నిజమే. పట్టేవాడు, నేను వేయించేదాన్ని, పద్మ తినేది. ఆయన మాత్రం ముట్టేవాడు కాదు.

ఒకసారి పెద్ద రవ్వు తగిలింది. కర్ర విరిగినంత పని అయింది. నడుం లోతు దిగి, దాన్ని అలిసిపోయేదాకా తిప్పి, రెండు చేతులా ఎత్తాడు. అక్కా, ఆ ముఖం నేను మన ఊళ్ళో చూసిన ముఖం. కట్ట మీద ఎవరూ లేరు. నేను ఏమీ అనకముందే గాలం ఊడదీసి నీళ్ళల్లో వదిలేశాడు.

ఇక ఆయన చేతి సంగతి. పోయిన ఉత్తరంలో ముల్లు గుచ్చుకుందని రాశాను కదా, ఆ ముల్లు జిలేబిదే. దసరా ముందు సంగతి. ఆ సాయంత్రం నేనూ పక్కనే ఉన్నాను. బెండు మునగలేదు, ఊరికే పక్కకు జరిగింది. లాగితే అరచేతంత జిలేబి. గాలం మూతికి కాదు, చెంపకు గుచ్చుకుంది. కట్ట మీద పడగానే నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఆవగింజలంత పిల్లలు బురదలో రాలాయి. ఆ తల్లి పిల్లలను నోట్లోనే దాచి పెంచుతుందట, అవి ఈదుకునేదాకా మేత ముట్టదట. నీళ్ళలో పుట్టి పెరిగినవాడు, ఆయన కూడా కళ్ళారా చూడడం అదే మొదలు.

"అయ్యో, గిదేందే సత్తెమ్మా!" అని కంగారుపడి గాలం తీసి చేపను గుప్పిట పట్టాడు. వీపు మీద ముళ్ళు నిక్కబొడుచుకుని ఉన్నాయి, చూసుకోలేదు. బొటనవేలి మొదట్లో దిగబడింది. నెత్తురు కారుతుంటే కూడా తల్లిని నీళ్ళల్లో వదిలి, దోసిట్లో నీళ్ళు తెచ్చి బురద మీద పోసి, ఆ పిల్లలను మెల్లగా కిందికి జార్చాడు. ఎన్ని బతికాయో దేవుడికే తెలియాలి.

ముల్లే కదా అని పసుపు పెట్టుకుని మర్నాడు పనికి పోయాడు. కొక్కెం వేసి బస్తాలు లాగాడు. చెయ్యి మోచేతి దాకా ఉబ్బి, జ్వరం వచ్చి మాట తడబడ్డాక దవాఖానకు తీసుకుపోయాను. ప్రాణం దక్కాలంటే వేలు తీయాలన్నారు. తీశారు. కుడిచేతి బొటనవేలు లేదక్కా నీ మరిదికి. ఇన్నాళ్ళూ రాయలేదు, రాయడానికి చెయ్యి రాలేదు.

ఇప్పుడు బస్తాలు ఎత్తలేడు. మిల్లు సేటు దయతలచి కళ్ళం దగ్గర మేకలను, పిట్టలను అదిలించే పని ఇచ్చాడు. గుండ్రంగా విచ్చుకునేలా వల విసిరిన చెయ్యి మేకలను అదిలిస్తున్నది. సాయంత్రం చెరువు మీదికి మాత్రం పోతాడు. గాలం తీసుకుపోడు. గుప్పెడు నూకలు తీసుకుపోయి ఒడ్డున చల్లుతాడు. జిలేబీలు గుంపుగా వచ్చి తింటుంటే చూస్తూ కూర్చుంటాడు.

కొన్నాళ్ళ కింద వడ్లు ఎత్తేసి కళ్ళం ఖాళీ అయ్యాక నీళ్ళకు పోయి వస్తున్నాను. ఎవరూ లేరనుకుని ఆయన నా పాత చీర భుజాన వేసుకుని, వల విసిరినట్టు విసురుతున్నాడు. అది ముద్దగా పోయి పడింది. తీసి, మడతలు సర్దుకుని మళ్ళీ విసిరాడు. మళ్ళీ ముద్దే. గోడ చాటున నిలబడి, ఆయన లోపలికి పోయాకనే వచ్చాను. బావ కార్డు ఆ మర్నాడే వచ్చింది.

చెయ్యి సంగతి సంఘానికి చెప్పుకుంటే వాళ్ళు మాత్రం మనుషులు కాదా అని నేను పోరాను. వినడు. నీకు మల్లేశం సంగతి గుర్తుందా? భీవండికి పనికి పోయి చెరువులో చేపలు పట్టే రోజుకు రాలేదు. తూము మీద నిలబడి మన సంఘం పెద్దమనిషి అతని పేరు పిలిచాడు, ఎవరూ పలకలేదు. పోనీలే, వచ్చే ఏడు వస్తాడని అందరూ అంటుంటే అడ్డం పడింది నీ మరిదే. "పేరు పిలిస్తె పలికినోడే వల తాడు పట్టాలె, తాడు పట్టినోనికే వాటా" అని అరిచాడు. మల్లేశం పేరు కొట్టేశారు, అదే కట్టుబాటు అయి కూర్చుంది.

ఇప్పుడు నన్నే అడుగుతాడు. "మల్లేశంకొక న్యాయం, నాకొక న్యాయమానే?"

"గాయిన పైసలకు పోయిండు. నీకు ఏలు పోయింది. రెండూ ఒకటేనా?" అన్నాను.

"సాకు అందరికుంటది" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఈ మనిషికి ఉన్నదల్లా ఆ పేరొక్కటే అక్కా. అది కూడా పోతే ఆ నూకలు చల్లుతూ చల్లుతూ ఒకరోజు తనూ దిగిపోతాడేమోనని నాకు భయం. పైకి అనలేదు గానీ పద్మను రోజూ ఆయన వెంట పంపిస్తున్నాను.

నేను మల్లేశం భార్య గురించి చాలా ఆలోచించాను. ఆ రోజు ఆమె కట్ట మీదే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది గానీ పలకలేదు. పలికితే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. ఆడది పలకొచ్చని ఆమెకూ తోచలేదు, మనకూ తోచలేదు.

చిన్నత్తకు దండాలు చెప్పు. పిల్లల నెత్తిన నా చేతులు పెట్టినట్టు నీ చేతులు పెట్టు. దూలానికి వేలాడే ఆయన వలను ఎలుకలు కొట్టకుండా చూడు. గంగమ్మ దగ్గర దీపం పెట్టినప్పుడు మా ముగ్గురి పేరూ చెప్పు. నన్ను దీవించు.

పేరు కొట్టేయండి. ఇది నీ మరిది రాయమన్న మాట. రాశాను, ఆయన మాట దాటలేదు.

నా మాట వేరే. చెరువు పట్టే ముందురోజు నేను సూర్యాపేటలో బస్సు మారి వస్తున్నాను. అక్కను చూసి వస్తానని ఇక్కడ చెబుతాను. నమ్మితే నమ్ముతాడు, లేకపోతే లేదు. తాడు లాగడం నాకో లెక్క కాదు, వడ్ల కళ్ళంలో అంతకంటే బరువులే లాగుతున్నాను. తూము మీద నుంచి ఆయన పేరు పిలవగానే ఉన్నానని నేను పలుకుతాను. నవ్వేవాళ్ళు నవ్వనీ. నువ్వు మాత్రం నా పక్కనే నిలబడు అక్కా. అంతమంది మగవాళ్ళలో నాకు గొంతు పెగలకపోతే నువ్వు పలుకు. మన ఇద్దరి గొంతూ ఒక్కటేనని అమ్మ అనేది కదా.

నీ చెల్లెలు
సత్తెమ్మ