ఆ ప్లగ్గులు తిరిగిచ్చేశాను

డ్యూయీ,

నువ్వు కొన్న స్పార్క్ ప్లగ్గుల కోసం వెతక్కు. నిన్న షాపులో తిరిగిచ్చేశాను. వేరేవి తెచ్చి సింకు పక్కన పెట్టాను, అవి బిగించు.

నాన్న వాడే కంపెనీలో అంకె పెరిగేకొద్దీ చల్లటి ప్లగ్గు, అంటే వేడిని తొందరగా వదిలేసేది. నువ్వు తెచ్చిన కంపెనీలో అంకె పెరిగేకొద్దీ వేడిది. నువ్వు అంకె పెద్దదని చూసి తెచ్చేశావు. కొత్త పిస్టన్లు వేసి కంప్రెషన్ అంత పెంచాక వేడి ప్లగ్గు పెడితే, శనివారం రేసులో సగం దూరం పోకముందే పిస్టన్ కరిగిపోతుంది. షాపులో హార్లన్ వాటిని చూసి, "ఏమ్మా మార్లిస్, మీ తమ్ముడు పిస్టన్లకి కిటికీలు పెట్టిద్దామనుకుంటున్నాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటా.

ఇంజన్ చల్లారాకే బిగించు. ముందు చేత్తో తిప్పి, తర్వాతే పానా పెట్టు.

నన్నొక మాట అడగాల్సింది. ఇన్నేళ్లూ నాన్న పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడింది నేను. ఆయన అంత్యక్రియలైన దగ్గర్నుంచి నువ్వు గ్యారేజీ వదిలి రావడం లేదు. నేను డ్యూటీకి పోతున్నాను, వస్తున్నాను. ఏడుపు కూడా రావడం లేదు.

మీట్‌లోఫ్ ఉంది, వేడి చేసుకో.

అక్క

ఇంకోటి. పొద్దున ఆమ్లెట్ వేద్దామని ఫ్రిజ్‌లోంచి గుడ్ల అట్టపెట్టె తీస్తే, అందులో గుడ్లు లేవు. ఆఖరి రేసు అయ్యాక నాన్న ఇంజన్లోంచి విప్పి, ఇంజన్ ఎలా మండుతోందో తెలియడానికి వాటి రంగు తెల్లారాక వెలుగులో చూస్తానని వరసగా పేర్చుకున్న ప్లగ్గులున్నాయి. ఫ్రిజ్‌లో నేనే పెట్టి ఉంటాను. ఎప్పుడో గుర్తులేదు. మళ్లీ అక్కడే పెట్టేశాను. మసి తుడవకు.